కొండదారిలో పాత సైకిలు

ఇటలీ దేశమున ఫ్లారెన్సు, సియెనా యను రెండు ప్రాచీన నగరముల నడుమ కియాంతి యను కొండసీమ యొకటి కలదు. అవి హిమాలయములవంటి మహాపర్వతములు కావు. మన తూర్పు కనుమల చరియలవలె ఒకదాని వెనుక నొకటిగా లేచి దిగుచుండు కొండలు. వాని వాలులయందు ద్రాక్షతోటలు, ఓలివుతోటలు. నెత్తములపై రాతికోటలు, చిన్న గ్రామములు. ఈ గ్రామములను కలుపు పాతబాటలు పెక్కింటికి నేటికిని తారు తెలియదు. సున్నపుఱాతి కంకరయు తెల్లని మట్టియు కలిసి గట్టిపడిన బాటలగుటచే ఆ దేశస్థులు వానిని ‘స్త్రాదె బియాంకె’ యందురు. అనగా తెల్లబాటలు. ఎండకాలమున వానిపై బండి పోయినచో తెల్లని దుమ్ము మేఘమువలె లేచును. వాన కురిసినచో ఆ దుమ్మే జిగురుబురదయై చక్రమును పట్టుకొనును.

ఈ బాటలు రైతుల బండ్లకొఱకు, పశువులకొఱకు పుట్టినవి. మోటారు వాహనములు హెచ్చినకొలది వీనిలో ననేకములు తారురోడ్లుగా మాఱిపోయినవి. రైతునకు తారురోడ్డు సౌకర్యమే. అందు సందేహము లేదు. కాని ఉన్న బాటలన్నియు తారు క్రింద పోయినచో, తాతముత్తాతలు నడచిన దారి యొక్కటియైనను మనుమలు చూడలేరు గదా యని కొందఱకు తోచినది. అట్టివారిలో జాన్‌కార్లో బ్రోచ్చి యను నాయన ముఖ్యుడు. కియాంతిలోని గయోలె యను చిన్న ఊరినుండి 1997వ సంవత్సరమున ఆయన యొక సైకిలు యాత్రను బయలుదేఱదీసెను. పాతకాలపు సైకిళ్ళపై, పాతకాలపు ఉన్నిచొక్కాలు తొడిగికొని, తెల్లబాటల వెంట కొండలెక్కి దిగి వచ్చుటయే ఆ యాత్ర. మొదటి సంవత్సరమున వచ్చినవారు 92 మంది. దానికి ‘లెరోయికా’ యని పేరు పెట్టిరి. వీరోచితమైనది అని ఆ మాటకు భావము.

నేడు ఆ యాత్రకు నానాదేశములనుండి వేలకొలది జనులు వచ్చుచున్నారు. ఈ పద్ధతిని చూచి జపాను దేశమున 2013లోను, ఇంగ్లండున 2014లోను, అమెరికాలోని కాలిఫోర్నియాలో 2015లోను అదే పేరున యాత్రలు మొదలైనవి. ఆ తెల్లబాటల మీదనే 2007వ సంవత్సరమునుండి వృత్తి పందెగాండ్ర పందెమొకటి ‘స్త్రాదె బియాంకె’ యను పేర ప్రసిద్ధికెక్కినది. కాని లెరోయికా పందెము కాదు. ముందు వచ్చినవానికి బహుమానము లేదు. వెనుక వచ్చినవానికి అవమానము లేదు. ఎవరును నడువక మఱుగునబడిన బాటను ఎవరు కాపాడుదురు? జనులు కోరి నడచుచున్న బాటను చెఱుపుటకు ఎవరికైనను చేయి వెనుకాడును. ఈ యాత్రలోని కిటుకు ఇదియే.

యాత్రలో చేరు సైకిలునకు కొన్ని కట్టుబాట్లు కలవు. అది రోడ్డుపందెములకై చేయబడిన సైకిలు కావలెను. 1987వ సంవత్సరమునకు గాని అంతకు ముందు గాని తయారై యుండవలెను. దాని చట్రము సాధారణముగా ఉక్కుది. గేరు మార్చు మీటలు హేండిలుపై గాక, చట్రముయొక్క క్రిందివాలు గొట్టమునకు బిగించి యుండవలెను. బ్రేకు తీగలు హేండిలుపట్టీలో దాగక పైకి కనబడుచుండవలెను. పెడళ్ళకు కాలివ్రేళ్ళను పట్టు కొక్కెములును తోలుపట్టీలును ఉండవలెను. 1987 గీత యేల గీచిరనగా, ఇంచుమించు ఆ కాలముననే పందెపు సైకిలు స్వరూపము మాఱినది. బూటు అడుగును పెడలునకు తాళమువలె బిగించు పద్ధతియు, బ్రేకుపిడితోనే గేరు మార్చు పద్ధతియు, తీగలను దాచిపెట్టు పద్ధతియు వచ్చినవి. అంతకు ముందు గేరు మార్చవలెనన్నచో హేండిలునుండి ఒక చేయి తీసి, క్రిందికి వంగి, చెవితో చైను శబ్దమును వినుచు మీటను కదుపవలసి యుండెను.

సైకిలునకు కొండకు గల వైరము పాతది. తొలినాళ్ళలో పందెగానికి వెనుకచక్రమున నున్న పండ్లచక్రము ఒక్కటే గతి. తరువాత వెనుకచక్రమునకు ఇరుప్రక్కల రెండు వేఱువేఱు పండ్లచక్రములను అమర్చిరి. కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించి యెక్కుదురు. కొండకొన చేరి మరల దిగి, మరల త్రిప్పి బిగించుదురు. మంచు కురియు చలిలో వ్రేళ్ళు కొంకర్లు పోవుచుండగా ఆ మరలను విప్పుట ఎంత కష్టమో ఊహింపుడు. ఇటలీవాడైన తుల్లియో కంపాజ్ఞోలో యను పందెగాడు 1930వ సంవత్సరమున చక్రమును చేతిమీటతో క్షణములో విప్పి బిగించు సాధనమును కనిపెట్టెను. చైనును ఒక పండ్లచక్రముపైనుండి మఱొకదానిపైకి త్రోయు గేరు అప్పటికే కలదు. కాని ఫ్రాన్సు దేశపు మహాపందెమైన తూర్ ద ఫ్రాన్సులో దానిని అందఱకు అనుమతించినది 1937వ సంవత్సరమున మాత్రమే. అంతవఱకు గేరు వాడుట మగతనము కాదను వాదము బలముగా నుండెను. కొండ ఎవరి వాదమును వినదు గనుక చివరకు గేరే గెలిచినది.

ఇట్టి యాత్రకు పోవలెనని నా మిత్రు డొకరు సంకల్పించి యున్నారు. వారు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు; వయస్సు 63 సంవత్సరములు. నివాసము కృష్ణా కాలువల నడుమ సమతలమైన పల్లె. కొండయనునది వారికి రైలు కిటికీలోనుండి చూచినదే గాని త్రొక్కినది కాదు. అయినను దినమునకు పది మైళ్ళు సైకిలు త్రొక్కు అలవాటు నేటికిని విడువలేదు. వారి సంకల్పము వినోదముకొఱకు మాత్రమే కాదు. వారి తండ్రిగారు మసూచి టీకాలు వేయు ఉద్యోగి. 1962వ సంవత్సరమున ప్రారంభమైన జాతీయ మసూచి నిర్మూలన కార్యక్రమమున చేరి, టీకామందు పెట్టెను సైకిలు వెనుక కట్టుకొని, కాలువగట్ల వెంట ఊరూర తిరిగినవారు. 1975 తరువాత మన దేశమున ఆ వ్యాధి సోకిన మనిషి లేడు. 1977వ సంవత్సరమున ప్రపంచారోగ్య సంస్థ దానిని ధ్రువపఱచినది. ఆ మహాకార్యమున ఆ సైకిలు కొక చిన్న పాలు గలదు. అది నేటికిని వారి యింటి వసారాలో నున్నది.

‘అయ్యా, అక్కడివారందఱు తమ పెద్దల సైకిళ్ళపై వత్తురట. మా నాయనగారి సైకిలు 1987కు చాల ముందటిది. దానిని ఆ కొండలపై ఒక్కసారి నడిపించి రావలెనని నా కోరిక. మీ యభిప్రాయమేమి?’ అని వారు నన్నడిగిరి. పందెపు సైకిలు కావలెనను నియమము వారికి తెలియకపోలేదు. ముందుగా విన్నవించుకొన్నచో ఒప్పుకొందురేమో యని వారి యాశ. ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దీనికి ఉదాసీనముగా బదులు చెప్పరాదు. ఏలయన, ఇందులో ఒకవైపు పితృభక్తియు, మఱొకవైపు ఎముకలును ప్రాణమును ఉన్నవి. కావున మే మిద్దఱమును కూర్చుండి, నియమముల మాట అటుంచి, కాగితముపై లెక్క వేసితిమి. ఆ లెక్కను మీకును వినిపించెదను. ఏ కొండకైనను, ఏ సైకిలునకైనను అది పనికివచ్చును.

ఆ సైకిలునకు ముందు చక్రమున 44 పండ్లు, వెనుక 18 పండ్లు. గేరు ఒక్కటే. 28 అంగుళముల చక్రమగుటచే, పెడలు ఒక్క చుట్టు తిరిగినచో బండి సుమారు అయిదున్నర మీటర్లు ముందునకు పోవును. సమతలమున నిది దివ్యమైన లెక్క. ఇక నూఱు మీటర్లు పోవులోపల పది మీటర్ల యెత్తు లేచు చరియను తలచుకొనుడు. కియాంతిలో ఇట్టి చరియలు అరుదు కావు. ఆ చరియపై పెడలు ఒక్క చుట్టునకు బండియు మనిషియు 54 సెంటీమీటర్లు పైకి లేవవలెను. చుట్టునకు రెండు కాళ్ళు గనుక ఒక్కొక్క కాలి త్రొక్కుడునకు 27 సెంటీమీటర్లు. అనగా జానెడుకంటె ఎత్తైన మెట్టును, ఇరువది కిలోల బండిని వీపున మోసికొని, విరామము లేక యెక్కుచున్నట్లు.

పాత ఇటలీ పందెపు సైకిలునకు ముందు 42 పండ్లు, వెనుక 28 పండ్లు అమర్చినారనుకొందము. పెడలు ఒక్క చుట్టునకు అది మూడు మీటర్లకు కొంచెము పైగా పోవును. అదే చరియపై ఒక్కొక్క త్రొక్కుడునకు లేచు ఎత్తు 16 సెంటీమీటర్లు. ఇది మన దేవాలయపు మామూలు మెట్టు. బండి బరువు కూడ సగమే. మెట్లు చిన్నవైనచో వాని సంఖ్య పెరుగును; నిజమే. కాని 63 ఏండ్ల మనిషి చిన్నమెట్లు వేయింటిని నెమ్మదిగా ఎక్కగలడు. జానెడు మించిన మెట్లు రెండువందలైనను ఎక్కలేడు. గేరు బలమును పుట్టింపదు. ఉన్న బలమును మోకాలు ఓర్చుకొనునట్టి చిన్నచిన్న పాళ్ళుగా పంచిపెట్టును. అంతే దాని మహిమ.

ఇంతవఱకు విని నా మిత్రుడు, ‘ఎక్కలేనిచోట దిగి నడచెదను. అందులో సిగ్గేమున్నది?’ అనిరి. ఆ మాట సత్యము. ఆ యాత్రలో నిటారు చరియల వద్ద దిగి నడచువారు కొల్లలు. వారిని చూచి నవ్వువారు లేరు. ఎక్కుట విషయమున తప్పు జరిగినచో ఆయాసము మాత్రమే శిక్ష. కాని, శ్రోతలారా, ఎక్కిన ప్రతి కొండయు దిగవలసినదే. దిగుట విషయమున జరిగిన తప్పునకు శిక్ష వేఱు. పాత సైకిలు కొండకు తగునా తగదా యను పరీక్ష ఎక్కునప్పుడు గాక దిగునప్పుడు జరుగును.

ఇందుకు కారణము చెప్పెదను. కొండపైకి కాళ్ళు చేసిన పని యంతయు బండిలో అప్పువలె నిలువయుండును. దిగునప్పుడు ఆ అప్పును బ్రేకు తీర్చవలెను. బ్రేకు రబ్బరు రిమ్మును ఒరసి ఆ వేగమును వేడిగా మార్చును. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు ఇరువది కిలోమీటర్లనుండి ఆగిన బ్రేకు నలుబదినుండి కూడ ఆగునని నమ్మరాదు. మన పాత సైకిళ్ళకు కమ్మీల బ్రేకు. రిమ్ము మెఱుగుపూత పూసిన ఉక్కుది. పొడిగానున్నప్పుడు సమతలమున నది చాలును. వాన పడి రిమ్ము తడిసినచో నున్నని యుక్కుపై రబ్బరు పట్టు దారుణముగా తగ్గిపోవును. అక్టోబరు మాసమున కియాంతిలో వాన పడుట వింత కాదు. తడిసిన తెల్లబాట, వంకరదిరిగిన దిగుడు, ఇరువది కిలోల బండి, పట్టు తప్పిన రబ్బరు. ఈ నాలుగును కలిసినచోట నిపుణుడును ఏమియు చేయలేడు.

అప్పుడు నే నిట్లంటిని: ‘మాస్టరుగారూ, మీ తండ్రిగారి సైకిలు లోపమున్నది కాదు. అది కాలువగట్టునకై పుట్టిన బండి. ఆ గట్టుపై అది మోసిన బరువును ఏ పందెపు సైకిలును మోయలేదు. దానిని తన దారి కానిచోటికి కొనిపోయి పరీక్షించుట దానికి గౌరవము కాదు.’

కొంతసేపు వారు మాటలాడలేదు. వారి మౌనము నాకు అర్థమైనది. అప్పుడు ఫ్లారెన్సు సమీపమున 1914వ సంవత్సరమున పుట్టిన జీనో బార్తాలి కథ చెప్పితిని. ఆయన 1938, 1948 సంవత్సరములలో తూర్ ద ఫ్రాన్సు గెలిచిన మహాపందెగాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943, 44 సంవత్సరములలో, అభ్యాసమునకు పోవుచున్నట్లు నటించుచు, యూదులను కాపాడుటకై తయారుచేసిన దొంగ గుర్తింపుపత్రములను సైకిలు గొట్టములలో దాచి ఊరినుండి ఊరికి చేరవేసెను. పట్టుబడినచో ప్రాణము దక్కదు. బ్రతికియున్నంతకాలము ఆయన దానిని చాటుకొనలేదు. 2000వ సంవత్సరమున ఆయన గతించెను. 2013వ సంవత్సరమున జెరూసలేములోని యాద్ వషేమ్ సంస్థ ఆయనను పుణ్యపురుషులలో నొకనిగా గుర్తించినది. సైకిలు వెలను అది ఎక్కిన కొండతోనే కొలువ నక్కఱలేదు. అది మోసిన దానితో కొలువవచ్చును. టీకామందు పెట్టెను మోసిన బండి కియాంతి కొండపై క్రొత్తగా నిరూపించుకొనవలసినది ఏమున్నది?

వా రంగీకరించిరి. కొండయాత్రకు వేఱొక పాత సైకిలు, అచ్చటనే అద్దెకు తీసికొనుటకు నిశ్చయమైనది. గయోలె పరిసరములలో ఇట్టి సైకిళ్ళను అద్దెకిచ్చువారు కలరు. తమ కొలతకు తగిన చట్రము దొరకునా యని ముందుగానే వ్రాసి కనుగొనవలెను. అయినను అద్దె సైకిలును గ్రుడ్డిగా నమ్మరాదు. పాత యినుమునకు వయస్సు మనిషికివలెనే పైకి కనబడక లోలోపల వచ్చును. ఎక్కుటకు ముందు చూడవలసినవి ఇవి.

మొదట ముందుచక్రమును పట్టు ఫోర్కు. అది పైగొట్టములో దూరు మూలమున సన్నని వెండ్రుకవంటి పగులున్నను ఆ బండిని వదలివేయవలెను. దానికి మరమ్మతు లేదు. తరువాత హేండిలు, దానిని పట్టు కొమ్మ. ఇవి అల్యూమినియముతో చేసినవైనచో ఏండ్లతరబడి వంగి వంగి అలసి, చెప్పకుండ విఱుగును. గుడ్డతో తుడిచి, వెలుతురున త్రిప్పి త్రిప్పి చూడవలెను. పెడలుక్రాంకు కాటర్ పిన్నుతో బిగించినదైనచో అది కదలుచున్నదేమో ఊపి చూడవలెను. బ్రేకు తీగలు, బ్రేకు రబ్బర్లు పాతవి పనికిరావు. అందము పాతదైనను తీగయు రబ్బరును క్రొత్తవే కావలెను. టైర్లు బండి పట్టినంతవఱకు వెడల్పైనవి తీసికొనవలెను. తెల్లబాట కంకరపై సన్నటైరు కత్తివలె దిగిపోవును. చక్రమును త్రిప్పి స్పోకులను ఒక్కొక్కదానిని వ్రేలితో మీటి వినవలెను. వదులైన స్పోకు మందముగా మ్రోగును. ఈ పరీక్షలకు గొప్ప విద్య అక్కఱలేదు. ఒక పానా, ఒక గుడ్డ, గంటసేపు ఓర్పు చాలును.

బండి తరువాత దేహము. నా మిత్రుడు ముందుగా వైద్యుని యొద్దకు పోయి గుండెను, రక్తపుపోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనిరి. ఇటలీలో ఇట్టి యాత్రలకు వైద్యుని ధ్రువపత్రమడుగు ఆచారము కలదు. అడుగకపోయినను అది మనకొఱకే అవసరము. అటుపిమ్మట అభ్యాసము. పల్లెలో కొండ లేదు గనుక, ఎదురుగాలి వీచుదినములలో కాలువగట్టుపై త్రొక్కుట ప్రారంభించిరి. ఎదురుగాలి బీదవాని కొండ. వారమునకు మూడుదినములు త్రొక్కుట, ఒక దినము దూరము పెంచుట, మిగిలిన దినములు విశ్రాంతి. మూడు మాసములు గడచిన పిదప మదనపల్లె దాపుననున్న హార్స్‌లీ కొండకు పోయి, ఉదయపుచల్లదనమున ఎక్కుటయు దిగుటయు అభ్యసింపవలెనని యేర్పాటు. ఎక్కుటకంటె దిగుటయే ఎక్కువ అభ్యసింపవలెనని నేను పట్టుపట్టితిని.

దిగు విధానము కొంచెము చెప్పెదను. మలుపులోనికి వచ్చిన తరువాత గాక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. రెండు బ్రేకులను కలిపి, నొక్కి విడిచి, నొక్కి విడిచి వాడవలెను. ఎడతెగక నొక్కిపట్టినచో రిమ్ము కాలును. కంకరపై ముందుబ్రేకును గట్టిగా పట్టినచో చక్రము జాఱి మనిషి ముందునకు పడును. చూపు చక్రము మొదట గాక పది బారల ముందుండవలెను. పెడళ్ళు నేలకు సమముగా నిలిపి, పిరుదులు సీటునుండి కొంచెము లేపి, మోచేతులు వదులుగా నుంచినచో రాళ్ళ కుదుపును శరీరమే మ్రింగును. కాలు పట్టీలో బిగియించి దిగరాదు. అవసరమైనప్పుడు కాలు క్షణములో నేలకు రావలెను. తలపై నేటికాలపు గట్టి శిరస్త్రాణమును ధరింపవలెను. ఉన్నిచొక్కా పాతదైనచో అందము. తలకు పాతతోలు టోపీ అందము కాదు, అవివేకము.

ఇక దూరము సంగతి. ఇటీవలి సంవత్సరములలో ఆ యాత్రకు పలుదారులు కలవు. అన్నిటికంటె పెద్దది 209 కిలోమీటర్లు, అనగా 130 మైళ్ళు. దానికి పోవువారు తెల్లవాఱక మునుపే దీపములు పెట్టుకొని బయలుదేఱుదురు. బ్రోలియో కోటకు ఎక్కు తెల్లబాట వెంట చీకటిలో దీపములు వెలిగించి యుంతురట. కన్నవారు ఆ దృశ్యమును మఱవరు. మధ్యరకపుది 135 కిలోమీటర్లు. చిన్నది 46 కిలోమీటర్లు. నా మిత్రునకు మొదట పెద్దదానిపై మనసు పోయినది. ఆ దీపముల మాట విన్నవాని కెవనికైనను అట్లే పోవును. కాని తొలిసారి కొండను త్రొక్కువానికి చిన్నదారియే మంచిదని ఇద్దఱమును అంగీకరించితిమి. చిన్నదారిలోను కొండ కలదు, తెల్లబాట కలదు. ఆ దారుల నొకటి గురుతులతో సంవత్సరమంతయు తెఱచియే యుండును గనుక, యాత్ర ముగిసిన మఱునాడు బలము మిగిలియున్నచో బ్రోలియో దారిని తీరికగా చూచి రావచ్చును.

యాత్ర సాధారణముగా అక్టోబరు మొదటి యాదివారమున జరుగును. చేర్చుకొను జనసంఖ్యకు మితి గలదు; నెలల ముందుగనే పేరు నమోదు కావలెను. నియమములును దారులును సంవత్సరమునకొకమాఱు మాఱవచ్చును గనుక ఆ సంవత్సరపు నియమావళిని స్వయముగా చదువుకొనవలెను. ఇటలీకి పోవుటకు షెంగెన్ వీసా కావలెను. ప్రయాణమునకు ఆఱునెలల లోపల, కనీసము పదునైదు దినముల ముందు దరఖాస్తు చేయవలెను. చివరిదాక ఆగుట తెలివి కాదు. ఉదయమున చలి, మధ్యాహ్నమున ఎండ యుండును గనుక విప్పి కట్టుకొనదగిన దుస్తులు, వాన కాగు పలుచని కోటు, రెండు ట్యూబులు, గాలిపంపు, పంక్చరు సామాను, పానా చేతనుంచుకొనవలెను.

ఆహారమును గుఱించి మన పెద్దలు తప్పక అడుగుదురు. దారిలో మజిలీల వద్ద రొట్టె, ఓలివు నూనె, పండ్లు, మాంసపు ముక్కలు పెట్టుదురు. ‘రిబొల్లీత’ యను వంటకమొకటి కలదు. మిగిలిన రొట్టెను చిక్కుడుగింజలతోను ఆకుకూరలతోను మరల ఉడికించిన పేదరైతుల పులుసు. శాకాహారులు దానిని తినవచ్చును. మాంసపురసము కలిపినారేమో ఒకమాట అడుగుట మేలు. ఆ సీమ ద్రాక్షాసవమునకు ప్రసిద్ధము గనుక మజిలీలలో అదియు పోయుదురు. పుచ్చుకొను అలవాటున్నవారైనను దిగుడు ముగియువఱకు దాని జోలికి పోరాదు. నీరే మిత్రము.

ఇంత యేర్పాటు ఒక దినపు సైకిలు సవారికా యని కొంద రనవచ్చును. నా సమాధానమిది. పాతవస్తువును గౌరవించుట యనగా దానిని గంధము పూసి గోడకు తగిలించుట కాదు. తెలివితక్కువగా దానిని చావునకు తోలుటయు కాదు. దాని స్వభావము తెలిసికొని, దానికి తగిన దారిలో, దానికి తగిన వేగమున నడుపుట. ఆ నడుపుట చేతనే కియాంతి తెల్లబాటలు మిగిలినవి. గేరు మీటను చెవితో విని కదుపు నేర్పును, పగిలిన ట్యూబును దారిప్రక్క కూర్చుండి అతుకు నేర్పును ఆ నడుపుట చేతనే పడుచువారికి అందుచున్నవి.

మీలో అనేకుల యిండ్లలో పాత సైకిలు ఉండవచ్చును. చెన్నపట్టణమున టి.ఐ. సైకిళ్ళ సంస్థ 1949వ సంవత్సరమున వెలసినది మొదలు మన పల్లెలకు చేరిన బండ్లు ఎన్నియో నేటికిని వసారాలలోను పశువులకొట్టములలోను చేరబడి యున్నవి. మనుమడు వచ్చి ‘తాతా, ఇది త్రొక్కనా?’ అని యడుగు దినము రాగలదు. అడిగినప్పుడు వలదనకుడు, ఊరకే ఇచ్చియు వేయకుడు. ముందు ఫోర్కు మూలమును గుడ్డతో తుడిచి చూడుడు. బ్రేకు రబ్బర్లు క్రొత్తవి వేయించుడు. స్పోకులను మీటి వినుడు. ఎట్లు వినవలెనో వానికిని చూపుడు. ఆ పిమ్మట సమమైన దారిని చూపి, వెనుక నాలుగడుగులు నడచి, వదలిపెట్టుడు. వంతెన దిగుడు వచ్చినప్పుడు బ్రేకు ముందుగా పట్టవలెనని మాత్రము మఱవక చెప్పుడు.